మిమ్మల్ని మీరు తెలుసుకోవడానికి ఏ దారి మంచిది: డైరీ, ఇతరుల మాట, ధ్యానం, వ్యక్తిత్వ పరీక్షలు, కౌన్సెలింగ్

ఎదగాలని నిర్ణయించుకున్నవారు సాధారణంగా ముందుగా ఒక అలవాటును ఎంచుకుంటారు. పెందలాడే లేవడం, ఎక్కువగా చదవడం, కోపం తగ్గించుకోవడం వంటివి అందులో ముందుంటాయి. ఆ మార్పు తమకు నిజంగా అవసరమేనా అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా, చాలావరకు ప్రయత్నం బెడిసికొట్టిన తరువాత వస్తుంది. కోపాన్ని అణచుకోవడానికి ఏడాదిపాటు కష్టపడిన మనిషికి, అసలు చిక్కు కోపంలో లేదనీ, ‘నావల్ల కాదు’ అని చెప్పవలసిన చోట తలూపి ఆ తరువాత లోలోపల రగిలిపోవడంలో ఉందనీ ముందే తెలిసి ఉంటే, ఆ ఏడాది శ్రమ మరో దిశలో సాగి ఉండేది. ఏది మార్చుకోవాలో తెలియనంత కాలం, మార్చుకోగల శక్తి ఎంత ఉన్నా అది తప్పు చోటే ఖర్చవుతుంది. స్వీయ అవగాహన ఎదుగుదలకు పునాది అనడానికి నాకు తెలిసిన కారణం ఇది.

అయితే దానిని పెంచుకోవడానికి ఏం చేయాలని అడిగితే అయిదు రకాల సలహాలు వినిపిస్తాయి: డైరీ రాయండి, మీ గురించి ఇతరులను అడగండి, ధ్యానం చేయండి, వ్యక్తిత్వ పరీక్ష రాయండి, కౌన్సెలర్‌ను కలవండి. ఎవరికి ఏది మేలు చేసిందో వారు దానినే సిఫారసు చేస్తారు. ఈ అయిదూ ఒకే పని చేయవు. ఒకటి చూపించే విషయాన్ని మరొకటి చూపించలేదు. కాబట్టి ‘ఏది గొప్పది’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ‘నా గురించి నాకు తెలియనిది ఎలాంటిది’ అని ముందుగా అడగాలి. ఎంపిక ఆ జవాబును బట్టి జరగాలన్నదే ఈ వ్యాసంలోని వాదన.

తెలియనితనం రెండు రకాలు

1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక చతురస్రాన్ని నాలుగు గదులుగా విభజించి చూపించారు. తనకూ ఇతరులకూ తెలిసినది, తనకు మాత్రమే తెలిసినది, ఇతరులకు మాత్రమే తెలిసినది, ఎవరికీ తెలియనిది. వారి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి దీనిని జోహారీ కిటికీ అని పిలుస్తున్నారు. మూడవ గది మన చర్చకు ముఖ్యం. అందులో ఉన్నదాన్ని ఎంత కూర్చుని ఆలోచించినా మనం కనిపెట్టలేం, ఎందుకంటే ఆ సమాచారం మన దగ్గర లేదు. మన గొంతు ఎదుటివారికి ఎలా వినిపిస్తుందో, మనం గదిలోకి రాగానే మాటలు ఎందుకు తగ్గిపోతాయో వారికే తెలుసు.

సిమీన్ వజీర్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ విభజనను మరింత స్పష్టం చేసింది. ఆందోళన, ఆత్మగౌరవం వంటి లోపలి స్థితుల విషయంలో మనిషి తన గురించి చేసుకునే అంచనాయే ఎక్కువ నిజమవుతుంది. తెలివితేటలు, సృజనాత్మకత వంటివాటి విషయంలో మాత్రం స్నేహితుల అంచనా అతడి సొంత అంచనా కంటే మెరుగ్గా ఉంటుంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆందోళన బయటికి కనిపించదు కాబట్టి ఇతరులకు అందదు. తెలివి గురించి మనకు ఒక కోరిక ఉంటుంది కాబట్టి మన చూపు చెదురుతుంది.

కాబట్టి మీ ఇబ్బంది ‘నాకేం అనిపిస్తోందో, నాకేం కావాలో నాకే తెలియడం లేదు’ అన్న రకంగా ఉంటే మీరు లోపలికి చూసే పద్ధతులవైపు వెళ్ళాలి. ‘నేను బాగానే ఉంటున్నాను, అయినా మనుషులు నాతో ఎందుకు సర్దుకోలేకపోతున్నారో అర్థం కావడం లేదు’ అన్న రకంగా ఉంటే బయటినుంచి వినవలసిన పద్ధతులవైపు వెళ్ళాలి. నేను గమనించినంతలో చాలామంది దీనికి తలకిందులుగా ఎంచుకుంటారు. లోపలికి చూడడం అలవాటైనవారు ఇంకా లోపలికే వెళతారు, ఎప్పుడూ ఇతరుల అభిప్రాయం కోసం తిరిగేవారు మరో ఇద్దరిని అడుగుతారు. అలవాటైన దారి హాయిగా ఉంటుంది గాని, తెలియని విషయం చాలావరకు రెండవ దారిలోనే ఉంటుంది.

డైరీ: అందరికీ అందుబాటులో ఉన్నది, అందరూ తప్పుగా వాడేది

ఖర్చు లేనిది, ఎవరి అనుమతీ అక్కరలేనిది డైరీ. దాని విలువకు ఆధారాలు కూడా ఉన్నాయి. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలపాటు తమ జీవితంలోని బాధాకరమైన అనుభవం గురించి రాశారు. జరిగినదానితోపాటు అప్పటి భావాలను కూడా రాసినవారు తరువాతి 6 నెలల్లో వైద్యకేంద్రానికి వెళ్ళడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వారి మనసు తేలికపడలేదు సరికదా, ఇంకాస్త బరువెక్కింది. డైరీ మొదలుపెట్టిన తొలిరోజుల్లో దిగులుగా అనిపిస్తే అది పద్ధతి విఫలమైందనడానికి గుర్తు కాదని దీనిని బట్టి చెప్పవచ్చు.

అయితే డైరీకి ఒక పెద్ద ప్రమాదం ఉంది. మన ప్రవర్తనకు కారణాలు వెతకడంలో మనం బొత్తిగా నమ్మదగినవాళ్ళం కాదు. రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగాన్ని వివరించారు. ఒకే రకమైన 4 జతల నైలాన్ మేజోళ్ళను వరుసగా పెట్టి, వాటిలో నాణ్యమైనది ఏదో చెప్పమన్నారు. కుడివైపు చివర ఉన్నదానిని ఎంచుకున్నవారు చాలా ఎక్కువమంది. ఎందుకు ఎంచుకున్నారని అడిగితే నేత గురించి, పనితనం గురించి చెప్పారు. పెట్టిన చోటు ప్రభావం చూపిందేమోనని అడిగితే దాదాపు అందరూ కాదన్నారు. వారు అబద్ధం చెప్పలేదు. ఆ క్షణంలో నమ్మదగినదిగా తోచిన కారణాన్ని అల్లుకొని దానినే నిజమని నమ్మారు. విల్సన్ బృందం 1993లో మరో ప్రయోగం ప్రచురించింది. ఇంటికి తీసుకువెళ్ళడానికి ఒక పోస్టర్‌ను ఎంచుకునే ముందు తమ ఇష్టాయిష్టాలకు కారణాలు రాసినవారు, ఏమీ రాయకుండా ఎంచుకున్నవారి కంటే కొన్ని వారాల తరువాత తమ ఎంపికపై తక్కువ తృప్తితో ఉన్నారు.

అందువల్ల ‘నేనెందుకిలా ఉన్నాను’ అని రోజూ రాసే డైరీ అవగాహన కంటే కథలను ఎక్కువగా పెంచుతుంది. ఒకే సంఘటనను రెండు విధాలుగా రాస్తే తేడా కళ్ళకు కడుతుంది. మొదటి విధం ఇది: “ఈరోజు సమావేశంలో నా మాటకు విలువ లేకుండా పోయింది. నాకే ఎందుకిలా జరుగుతుంది? చిన్నప్పటినుంచీ నాలో ఆత్మవిశ్వాసం తక్కువ, అందుకే కాబోలు.” రెండవ విధం ఇది: “మొదటి అంశం చెప్పి ఆగాను. పక్కన ఉన్నాయన వేరే విషయం ఎత్తుకున్నారు. నాకు గొంతు బిగుసుకుంది. ఆ తరువాత సమావేశం ముగిసేదాకా నోరు విప్పలేదు. బయటికి వచ్చాక ఆయన గురించి ఇద్దరి దగ్గర చులకనగా మాట్లాడాను.”

మొదటిదానిలో తేలిన విషయం ఒక్కటీ లేదు, ఉన్నదల్లా ఒక తీర్పు. రెండవదానిలో శరీరంలో కలిగిన మార్పు ఉంది, చేసిన పని ఉంది, చివర్లో రాయడానికి మనసొప్పని వాక్యం కూడా ఒకటి ఉంది. ఇలాంటివి నాలుగైదు పోగుపడినప్పుడు ‘అడ్డుపడితే మౌనం, ఆ తరువాత చాటున విమర్శ’ అన్న వరుస తనంతట తానే బయటపడుతుంది. డైరీ పనిచేసే తీరు ఇదే. అది వరుసలను చూపిస్తుంది. కారణాలను వెంటనే అడగకుండా ఉంటే చాలు.

బాధ పెట్టిన సంఘటన గురించి రాసేటప్పుడు ‘నేను’కు బదులు సొంత పేరు పెట్టి, వేరొకరి గురించి చెబుతున్నట్లు రాయడం కూడా ఉపయోగపడుతుంది. ఈథన్ క్రాస్, ఆయన సహ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒత్తిడికి ముందు తమతో తాము ఇలా పేరు పెట్టి మాట్లాడుకున్నవారు ఆ సందర్భాన్ని మెరుగ్గా తట్టుకున్నారు.

డైరీలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది మరొకటి ఉంది. నిర్వహణ శాస్త్రంలో పేరెన్నికగన్న పీటర్ డ్రక్కర్ ఈ సలహా ఇచ్చారు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా దాని వల్ల ఏం జరుగుతుందని ఆశిస్తున్నారో రాసిపెట్టి, 9 నుంచి 12 నెలల తరువాత జరిగినదానితో పోల్చి చూడమన్నారు. జరిగిపోయినదాని గురించి మన జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది, ముందుగా రాసిపెట్టిన మాట మారదు. పెద్ద నిర్ణయాలకే కాక చిన్నవాటికీ ఇది వర్తిస్తుంది. ‘ఈ పని మూడు రోజుల్లో పూర్తిచేస్తాను’, ‘ఈ విషయం చెబితే ఆమె కోప్పడుతుంది’ అని రాసి, వారం తరువాత చూడండి. మీ అంచనాలు ఏ వైపుకు తప్పుతున్నాయో తెలియడమే మీ గురించి మీకు దొరికే అత్యంత గట్టి సమాచారం. ఈ అయిదు దారుల్లో మన తప్పును మనమే పట్టుకోగల ఏర్పాటు స్పష్టంగా ఉన్నది దీనికొక్కదానికే.

ఇతరుల మాట: కష్టమైనది, తప్పించుకోలేనిది

పైన చెప్పిన మూడవ గదికి తలుపు ఇదొక్కటే. అయినా చాలామంది దీనిని ప్రయత్నించి నిరాశపడతారు. దానికి కారణం సాధారణంగా అడిగిన తీరే. “నా గురించి మీ అభిప్రాయం ఏమిటి” అని అడిగితే మర్యాద తప్ప మరేమీ దొరకదు. “నిన్న కొత్తగా చేరిన అమ్మాయి ప్రశ్న అడిగినప్పుడు నేను జవాబు చెప్పిన తీరు మీరు చూశారు కదా, అక్కడ నేను వేరేలా అనవలసిన మాట ఒక్కటి చెప్పండి” అని అడిగితే ఎదుటివారు ఇబ్బంది పడకుండా నిజం చెప్పే వీలుంటుంది. సందర్భం ఒకటే, అడిగింది ఒక్క మాటే, మన స్వభావంపై తీర్పు చెప్పమనలేదు.

ఎవరిని అడగాలన్నది కూడా అంతే ముఖ్యం. మీ మేలు కోరేవారై ఉండాలి, మీరు పనిచేస్తుండగా లేదా మనుషులతో మసలుతుండగా చూసినవారై ఉండాలి, మీపై ఆధారపడినవారు కాకూడదు. మీ చేతికింద పనిచేసేవారు, మీ సంపాదనపై బతికేవారు నిజాన్ని పలుచన చేసి చెబుతారు. హోదా పెరిగినకొద్దీ స్వీయ అవగాహన తగ్గే ప్రమాదం ఉన్నది ఇందువల్లే. పెద్ద స్థానాల్లో ఉన్నవారు కావాలని ప్రయత్నిస్తే తప్ప వారి చెవిన నిజం పడదు.

విన్న తరువాత చేయవలసినది మరింత కష్టం. వివరణ ఇవ్వకూడదు. ‘ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది’ అన్న ఒక్క వాక్యంతో ఎదుటి మనిషి ఇక ఎన్నడూ నోరు విప్పరు. విని, రాసుకొని, కృతజ్ఞత చెప్పి, రెండు వారాల తరువాత ఏమైనా మారిందా అని మళ్ళీ అడగడం మేలు.

విన్నదంతా నిజమని తీసుకోవలసిన పని కూడా లేదు. “మధ్యలో మూడుసార్లు అడ్డుపడ్డావు” అన్నది చూసిన మాట. “నీకు అతడంటే అసూయ” అన్నది ఊహ. ప్రవర్తన గురించి చెబితే నమ్మండి, ఉద్దేశం గురించి చెబితే గుర్తుపెట్టుకొని మీ డైరీతో సరిచూసుకోండి. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒకే మాట చెబితే ఇక వాదించకుండా ఒప్పుకోవడం మంచిది.

ఈ దారికి హెచ్చరిక కూడా అవసరం. ఆవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనీసీ 1996లో ఫీడ్‌బ్యాక్‌పై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి విశ్లేషించినప్పుడు, మొత్తం మీద ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగైనప్పటికీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో అది దిగజారిందని తేలింది. దృష్టి పనిమీదినుంచి జారి ‘నేను ఎలాంటివాణ్ణి’ అన్నదానిపైకి మళ్ళినకొద్దీ ఫలితం తగ్గుతుందని వారు వివరించారు. కాబట్టి ఇప్పటికే తనను తాను నిందించుకునే స్థితిలో ఉన్నవారు ఈ దారిని కొంతకాలం వాయిదా వేసుకోవాలి.

ధ్యానం

ధ్యానం మనిషికి తన గురించి కొత్త సమాచారం ఇస్తుందనడం కంటే, సమాచారం అందే క్షణంలో మెలకువగా ఉండే శక్తిని ఇస్తుందనడం సరైనది. గొంతు బిగుసుకున్న సంగతి సాయంత్రం డైరీలో గుర్తుకు రావడం ఒకటి, సమావేశంలో అది బిగుసుకుంటున్నప్పుడే తెలియడం మరొకటి. రెండవది జరిగితే ఆ క్షణంలోనే వేరేలా ప్రవర్తించే అవకాశం దొరుకుతుంది. కలిగిన భావానికి మనసులోనే పేరు పెట్టడం కూడా ఇదే కోవకు చెందినది. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనలో, చిత్రంలోని ముఖంపై కనిపించే భావానికి పేరు చెబుతున్నప్పుడు మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా చురుకుదనం తగ్గింది.

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారి కోసం మొదలుపెట్టిన 8 వారాల శిక్షణ మతంతో సంబంధం లేకుండా ధ్యానం నేర్చుకోవాలనుకునేవారికి నేటికీ ఒక నమూనాగా ఉంది. అయితే ఊరికే కూర్చోవడం అందరికీ సులువు కాదు. 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 15 నిమిషాలపాటు ఒంటరిగా తమ ఆలోచనలతో గడపమంటే, అంతకుముందు విద్యుత్ షాక్‌ను తప్పించుకోవడానికి డబ్బు కూడా చెల్లిస్తామన్నవారిలోనే 18 మంది పురుషుల్లో 12 మంది, 24 మంది మహిళల్లో 6 మంది తమకు తామే షాక్ ఇచ్చుకున్నారు. మొదట్లో అసహనం సహజం, రోజుకు 5 నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. కానీ కూర్చున్న ప్రతిసారీ ఆందోళన పెరుగుతున్నా, పాత గాయాలు ముంచెత్తుతున్నా పట్టుదలతో కొనసాగించకూడదు. ఆపి, కౌన్సెలర్ సాయం తీసుకోవాలి.

వ్యక్తిత్వ పరీక్షలు

వీటి గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఫలితం అంటూ అందరికీ ఒకే వర్ణనను ఇచ్చాడు. అందులోని వాక్యాల్లో చాలావాటిని జ్యోతిష పుస్తకంలోంచి తీసుకున్నాడు. అది తమకు ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. ఫలితం చదవగానే ‘అచ్చం నా గురించే రాశారు’ అనిపించడం పరీక్ష నాణ్యతకు రుజువు కాదని దీనిని బట్టి తెలుస్తుంది.

మనుషులను 16 రకాలుగా విడగొట్టే ప్రసిద్ధ మయర్స్-బ్రిగ్స్ పరీక్షకు మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921 నాటి సిద్ధాంతం మూలం. దానిలోని ఇబ్బంది గీత గీయడంలో ఉంది. నడిమికి అటూ ఇటూ కొద్ది తేడాలో ఉన్న ఇద్దరిని అది రెండు వేర్వేరు రకాలుగా చేస్తుంది, కాబట్టి కొన్ని వారాల తరువాత మళ్ళీ రాస్తే రకమే మారిపోయేవారు చాలామంది ఉంటారు. పరీక్షే రాయాలనుకుంటే అయిదు లక్షణాలను ఎక్కువ తక్కువలుగా కొలిచే ‘బిగ్ ఫైవ్’ పద్ధతిని ఎంచుకోండి. పరిశోధకులు ఎక్కువగా ఆధారపడేది దానిమీదే. రాసిన తరువాత అదే ప్రశ్నాపత్రాన్ని మిమ్మల్ని బాగా ఎరిగినవారికి ఇచ్చి మీ గురించి పూరించమనండి. మీ మార్కులకూ వారి మార్కులకూ ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో ఆ చోటే పరీక్ష మొత్తంలో పనికివచ్చే భాగం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ‘నేను అంతర్ముఖుణ్ణి, నావల్ల కాదు’ అని ఫలితాన్ని అడ్డుపెట్టుకొని ప్రయత్నం మానేస్తే ఆ పరీక్ష రాయకపోవడమే మేలు.

కౌన్సెలింగ్

పై నాలుగూ చేరలేని చోటికి ఇది చేరుతుంది. మనకు మనం చెప్పుకునే కథను అందులో ఏ లాభం, ఏ నష్టం లేని మరొక మనిషి శ్రద్ధగా విని, ‘ఈ మాట మూడవసారి చెప్పారు’ అని గుర్తుచేయడం ఇంట్లోవారివల్లగాని స్నేహితులవల్లగాని అయ్యే పని కాదు. ఖర్చుతో కూడినది, సమయం పట్టేది కాబట్టి ఏ రకం అవసరమో తెలుసుకొని వెళ్ళడం మంచిది. ఆరన్ బెక్ 1960లలో అభివృద్ధి చేసిన పద్ధతినుంచి ఎదిగిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఒక సందర్భంలో వచ్చిన ఆలోచనను రాసి దానికి అనుకూలమైన, ప్రతికూలమైన ఆధారాలను పరీక్షిస్తుంది. ‘ఇలాంటి సందర్భం వస్తే చాలు, నాకిలా అవుతోంది’ అని చెప్పగలిగినవారికి అది సరిపోతుంది. ఒకే రకమైన సంబంధాల్లో మళ్ళీ మళ్ళీ చిక్కుకుంటున్నవారికి గతాన్నీ అనుబంధాలనూ పరిశీలించే సైకోడైనమిక్ పద్ధతి అనుకూలం. తీర్పుకు భయపడి మనసు విప్పలేనివారికి కార్ల్ రోజర్స్ బోధించిన పద్ధతిలో పనిచేసే కౌన్సెలర్ నయం, అక్కడ సలహా కంటే షరతులు లేని ఆదరణకే ప్రాధాన్యం. మొదటి రెండు మూడు భేటీల్లో ఆ మనిషితో నిజం చెప్పగలుగుతున్నానా అన్నదే మీరు చూడవలసినది. చెప్పలేకపోతే మరొకరిని వెతకడంలో తప్పు లేదు.

నిద్ర, ఆకలి చెడిపోయేంత దిగులు ఉన్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ఇది ఎంపికల్లో ఒకటి కాదు, అదే మొదటి అడుగు. ఆ స్థితిలో మిగతా పద్ధతులను ఒంటరిగా ప్రయత్నించకూడదు.

మీ పరిస్థితికి ఏది

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు నాలుగు వారాలపాటు పైన చూపిన రెండవ విధం డైరీని, దానితోపాటు చిన్న చిన్న అంచనాలను రాయమని నేను చెబుతాను. ఆ తరువాత బయటపడిన ఒక వరుసను తీసుకొని, దాని గురించి మాత్రమే ఇద్దరిని అడగండి. ఈ క్రమానికి కారణం ఉంది. చేతిలో కొన్ని సంఘటనలు ఉన్నప్పుడు ప్రశ్న స్పష్టంగా వస్తుంది, విన్న విమర్శను తట్టుకోవడమూ తేలికవుతుంది.

ఇప్పటికే గంటల తరబడి తమ గురించి ఆలోచించేవారికి మాత్రం డైరీ వద్దంటాను. పాల్ ట్రాప్నెల్, జెన్నిఫర్ క్యాంప్‌బెల్ 1999లో చూపినట్లు, తన గురించి ఆలోచించడంలో కుతూహలంతో చేసే పరిశీలన వేరు, భయంతోనో నష్టపోయానన్న బాధతోనో చేసే మథనం వేరు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. అరగంట ఆలోచించిన తరువాత కొత్త విషయం ఒక్కటీ తేలకుండా అదే బాధ మిగిలితే అది మథనమే. అలాంటివారు ధ్యానంతో మొదలుపెట్టాలి, లేదా నేరుగా ఒక మనిషితో మాట్లాడాలి.

నాయకత్వ స్థానంలో ఉన్నవారు, పిల్లల్ని పెంచుతున్నవారు ఇతరుల మాటనే ముందు పెట్టుకోవాలి, ఎందుకంటే వారి తెలియనితనం వల్ల కలిగే నష్టం ఎదుటివారిపై పడుతుంది. మనసు ఇట్టే భగ్గుమనే స్వభావం ఉండి, తప్పు జరిగిన తరువాతే అది తెలిసివచ్చేవారికి ధ్యానం ఎక్కువగా పనికివస్తుంది. వృత్తిని ఎంచుకునే దశలో ఉన్న యువతీయువకులు పరీక్ష రాయవచ్చు గాని, దాని ఫలితం కంటే ఆ పనిని రెండు వారాలు చేసి చూసి, చేస్తున్నప్పుడు ఏమనిపించిందో రాసుకోవడం వారికి ఎక్కువ చెబుతుంది.

ఎంచుకున్న దారిని మూడు నెలల తరువాత ఒకసారి పరీక్షించండి. ఈ మూడు నెలల్లో మీ గురించి మీకు నచ్చని విషయం ఒక్కటైనా తెలిసిందా? దాని వల్ల ఒక్క సందర్భంలోనైనా వేరేలా ప్రవర్తించారా? రెండింటికీ అవుననే జవాబు వస్తే అదే కొనసాగించండి. మొదటిదానికి అవును, రెండవదానికి కాదు అని వస్తే మీకు సమాచారం సరిపడా ఉంది, ఇక ధ్యానాన్నో కౌన్సెలర్‌నో తోడు తెచ్చుకోండి. తెలిసినవన్నీ మీకు నచ్చినవే అయితే ఎన్ని పేజీలు నిండినా ఆ దారి మీకు పనిచేయడం లేదు, మీరు ఇంతకాలం తప్పించుకుంటున్న రెండవ రకం పద్ధతికి మారండి.